పాత చిత్రాలు, ఏదైనా పాతిక

సామర్లకోట మెయిన్ రోడ్డులో గురువారం మధ్యాహ్నం లేడీస్ టైలరు కర్రి భూషణం దగ్గరికి ఎవరూ జాకెట్టు గుడ్డ పట్టుకెళ్లరు. వెళ్లినా లాభం లేదు. ఆ పూట అతను మిషను మీద దుప్పటి కప్పి, షట్టరు సగం దించి, వీరేశ్వరా మెగా బజారులో ఒక తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉంటాడు.

మెగా అన్నది బోర్డు మీది మాటే. లోపల ఉన్నవి నాలుగే వరసలు. నాలుగో వరస చివర అల్లం వెల్లుల్లి ముద్ద సీసాలకూ చీపుళ్లకూ మధ్య నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి ఒకటుండేది. మూతపడిన డీవీడీ షాపుల సరుకంతా కొట్టు యజమాని నూకరాజు ప్రతి బుధవారం రాజమండ్రి వెళ్లి గోనెసంచుల్లో తెచ్చి ఆ తొట్టిలో కుమ్మరించేవాడు. ఏది తీసుకున్నా పాతిక రూపాయలు. అందరూ ఫోనులో సినిమాలు చూసుకునే రోజుల్లో ఇవెవడు కొంటాడని ఊరు నవ్వింది. భూషణం కొన్నాడు.

తొట్టిలో వెతకడం కూడా ఒక విద్యే. పైన తేలేవన్నీ ఊరందరూ పదేసిసార్లు చూసేసిన సినిమాలు. మధ్యలో భక్తి. అసలైనవి అడుగున, చెయ్యి మోచేతి దాకా దిగితే గానీ దొరకవు. అట్ట మీద దేవుడుంటాడు, లోపల డిస్కు దెయ్యానిది. అట్ట మీద మూడు సినిమాలని రాసి ఉంటుంది, ఇంటికెళ్లి పెడితే ఒకటిన్నర వచ్చి ఆగిపోతుంది. నాలుగేళ్లలో భూషణం ఇంట్లో ఆడని చెత్త సినిమా లేదు. అతని భార్య సత్యవేణి అన్నిటినీ ఓపిగ్గా చూసింది. వాటిలో ఏ ఒక్కటీ తను కోరుకున్నది కాదని చూసిన ప్రతిసారీ నిట్టూర్చింది.

ఆవిడ కోరుకున్న సినిమా పేరు "రేవులో రెండో పెళ్లి". పేరు విని నవ్వొచ్చింది కదా, అది వచ్చినప్పుడు జనం నవ్వడానికి కూడా హాలుకు వెళ్లలేదు. మూడు రోజులాడి పోయింది. టీవీ వాళ్లు వేయలేదు, ఫోన్లలోకి ఎవరూ ఎక్కించలేదు. అందులో పాట ఒకటి కోటిపల్లి రేవులో తీశారు. హీరోని కూర్చోబెట్టుకుని పడవ నడిపినవాడు సత్యవేణి తండ్రి సింహాద్రి. కెమెరా వంక చూడొద్దని డైరెక్టరు పదిసార్లు చెప్పినా పదకొండోసారి తిరిగి చూసి నవ్వాడట. ఆ యేడే విషజ్వరం వచ్చి పోయాడు. అప్పటికి సత్యవేణికి మూడేళ్లు. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి లేదు. తీయించుకోలేదంతే. "మీ నాన్న సినిమాలో ఉన్నాడే" అని తల్లి చెప్పేది. ఇప్పుడా తల్లీ లేదు. కన్నతండ్రి మొహం ఎలా ఉండేదో చెప్పగలిగే మనిషి భూమ్మీద లేకుండా పోయాక, ఆ తొట్టి తప్ప సత్యవేణికి వేరే దారి లేదు.

ఇది ఇలా ఉండగా రాష్ట్రంలో అచ్చతెలుగు ఊపు వచ్చింది. కొట్ల బోర్డుల్లో పరభాషా పదం కనబడితే జరిమానా అన్నారు. భాషా అమలు అధికారి ఒకాయన ఊరూరా తిరుగుతూ ఒక సోమవారం నూకరాజు కొట్టుకొచ్చి, నాలుగో వరస చివర ఆగిపోయాడు. తొట్టికి కట్టిన అట్టముక్క మీద "డీవీడీ సేల్, ఎనీ 25" అని రాసి ఉంది.

"డీవీడీ ఏ భాషా పదం?" అని అడిగాడాయన.

"ఏవోనండి. అందరూ అదే అంటారండి. పోనీ సినిమాలని రాసేత్తానండి."

"సినిమా మాత్రం మనదా?"

"అయ్యబాబోయ్, అదీ మనది కాదాండి?" అని నూకరాజు నిజంగానే కంగారుపడ్డాడు.

అధికారి తానే స్కెచ్ పెన్ను తీసుకుని "పాత చిత్రాలు, ఏదైనా పాతిక" అని గుండ్రంగా రాసి, ఆ అట్టముక్క పక్కన నిలబడి తన ఫోటో తానే తీసుకున్నాడు. సాయంత్రానికి ఆ ఫోటో జనంలోకి వదిలాడు. ఆయన మొహం, బోర్డు పడ్డాయి గానీ తొట్టిలో సరుకు పడలేదు.

ఆ ఫోటో తిరిగి తిరిగి రాజధానిలో ప్రాచీన కళాసంపద పరిరక్షణ విభాగం చేరింది. పాత చిత్రాలు, అంటే మన పూర్వీకులు గీసిన వర్ణచిత్రాలు, పచారీ కొట్టులో పాతిక రూపాయలకు తెగనమ్ముతున్నారని మొదటి బల్ల దగ్గరి గుమాస్తా నోటు పెట్టాడు. "పాత" అన్నమాట ఆఫీసు భాష కాదని రెండో బల్ల దగ్గర "ప్రాచీన" అని దిద్దారు. మూడో బల్ల దగ్గర ఒక జాగ్రత్తపరుడు "క్రీస్తుపూర్వము కావచ్చును" అని చేర్చాడు. నాలుగో బల్ల దగ్గర స్వాధీనం చేసుకోమన్న ఉత్తర్వు మీద సంతకం పెట్టేశారు.

కొన్ని వారాలకు ఒక గురువారం వచ్చింది. భూషణం మోచేతి దాకా దిగి, ఇంకా దిగి, భుజం దాకా దిగాడు. వేళ్లకు పలచని అట్ట ఒకటి తగిలింది. బయటికి లాగాడు. రంగు వెలిసిపోయిన పడవ, పడవలో ఇద్దరు పెళ్లికూతుళ్లు, పైన వంకర అక్షరాలు. రేవులో రెండో పెళ్లి. డిస్కు ఉందో లేదో అని తెరిచి చూశాడు. ఉంది. ఒకచోట పెద్ద గీత, కానీ ఉంది. పరుగులాంటి నడకతో వెళ్లి బిల్లు లైనులో నిలబడ్డాడు. ముందు ఒక్క ఆవిడే ఉంది, రెండు కిలోల చింతపండుతో.

సరిగ్గా అప్పుడే జీపు ఆగింది.

"ఎవ్వరును చిత్రములను కదల్చరాదు!" అంటూ లోపలికొచ్చాడు ఉప సంచాలకులు మార్తాండం గారు. వెనక నలుగురు సిబ్బంది, ఒక టేపు, ఒక లక్క కర్ర. ఆయన ముప్పై ఏళ్లు శాసనాల మధ్య పనిచేసి పనిచేసి మాట కూడా శాసనంలాగే మాట్లాడతాడు. తిన్నగా వచ్చి భూషణం చేతిలోంచి డిస్కు లాక్కున్నాడు.

"సార్, అది నాదండి. కొనుక్కుంటన్నానండి!"

"బిల్లు అయినదా?"

"ఇదిగోనండి, ఈవిడ చింతపండు తూచడం అవ్వగానే..."

"బిల్లు కానందున ఇది జాతి సంపద" అన్నాడు మార్తాండం.

తరవాత ఆయన తన చేతిలో ఉన్నదేమిటో చూశాడు. తొట్టిలోకి వంగి చూశాడు. మొహం పాలిపోయింది. చీపుళ్ల వెనక్కి వెళ్లి ఎవరికో ఫోను చేశాడు. అవతల ఏమన్నారో గానీ, ఉత్తర్వు గెజెట్టుకు ఎక్కిందనీ, పత్రికలకు ప్రకటన వెళ్లిందనీ, మంత్రిగారు విభాగాన్ని మెచ్చుకున్నారనీ వినబడింది. చెమట తుడుచుకుని బయటికొచ్చేసరికి ఆయన మొహంలో ఏ అనుమానమూ లేదు.

"సార్, ఇయ్యి సినిమాలండి" అన్నాడు నూకరాజు, మెల్లగా.

"ఉత్తర్వులో ఏమున్నది? చిత్రములు. తమరి బోర్డులో ఏమున్నది? చిత్రములు. తొట్టిలో ఉన్నవేమి?"

"చిత్రాలేనండి. కానీ..."

"కానీ అనెడి మాట ఉత్తర్వులో లేదు" అని మార్తాండం లక్క వెలిగించమన్నాడు.

తొట్టిలో మూడు వందల నలభై చిత్రాలు లెక్క తేలాయి. భూషణం చేతిలోంచి లాక్కున్నది రెండు వందల పన్నెండో నంబరు. తొట్టి చుట్టూ ఇనుప కంచె వేశారు. కాపలాకు ఒక గార్డును పెట్టారు. ప్రాచీన సంపదకు ఘాటు తగలరాదని అల్లం వెల్లుల్లి ముద్దను మొదటి వరసకు మార్చారు. నాలుగో వరసను రక్షిత ప్రదేశమన్నారు. అక్కడ చీపురు ఊపరాదన్న నిబంధన వల్ల అది ఊరు మొత్తం మీద ఊడవని ఒకే ఒక్క చోటు అయింది.

నిపుణుల బృందం వచ్చింది. వాళ్లు డిస్కులను పెట్టెల్లోంచి తీసి, భూతద్దం పెట్టి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, అరవై పేజీల నివేదిక రాశారు. ఈ చిత్రాలన్నీ వర్తులాకార మధ్యరంధ్ర శైలికి చెందినవట. చిత్రకారుడు రంగులు వాడకుండానే ఇంద్రధనుస్సు రప్పించాడట. గీతలు కాలం గీసినవట, వాటిని చెరపరాదట. మధ్యలో రంధ్రం దేనికన్న విషయంలో నిపుణులు రెండుగా చీలిపోయారు. శూన్యానికి ప్రతీక అని ఒక పక్షం, తగిలించుకోవడానికని రెండో పక్షం. రెండో పక్షం నెగ్గింది. డిస్కులన్నిటికీ దారాలు కట్టి నాలుగో వరస గోడకు వేలాడదీశారు. జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, వాటిలో మొహం చూసుకుని, తల దువ్వుకుని వెళ్లేవారు.

విభాగానికి ఉత్సాహం వచ్చింది. పెద్దాపురం దగ్గర జామతోటలో పిట్టలు వాలకుండా రైతు కొమ్మకొకటి చొప్పున పాత డిస్కులు కట్టుకున్నాడు. దాన్ని బహిరంగ చిత్రశాలగా ప్రకటించి జామకాయలు కోయరాదన్నారు. "మరి పిట్టలో?" అని రైతు అడిగితే, అవి సందర్శకుల కింద వస్తాయన్నారు. చుట్టుపక్కల కొట్లవాళ్లు భయపడి, ఉన్న డిస్కులన్నీ పెరట్లో పాతిపెట్టారు. ఇంకో నెలకు విభాగం అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. ఏ లోతులో దొరికాయన్న దాన్నిబట్టి వాటి వయసు కట్టారు.

ఈ హడావుడి అంతటిలో భూషణానికి కావలసింది ఒకటే. రెండు వందల పన్నెండో చిత్రం ఒక్కసారి ఆడించి చూపించాలి. అర్జీ పెట్టాడు. చిత్రాన్ని ఆరడుగుల దూరం నుంచి చూడవచ్చునని జవాబొచ్చింది. చూడటం కాదు, ఆడించాలని రెండో అర్జీ పెట్టాడు. చిత్రములు ఆడవు అని జవాబొచ్చింది. ప్లేయరులో పెట్టి తిప్పాలని వివరంగా మూడో అర్జీ పెట్టాడు. ప్రాచీన చిత్రమును గిరగిర తిప్పవలెననెడి తమరి కోరిక వెనుక దురుద్దేశమేమో తెలుపవలసినదని ఈసారి నోటీసే వచ్చింది. అతని తల ప్రాణం తోకకొచ్చింది. ఆ నెల కుట్టిన జాకెట్లన్నీ చేతులు పొట్టయ్యాయి.

"నేనూ వత్తానండి" అంది సత్యవేణి ఒక పొద్దున్న. "మీరు ఆడించమని అడుగుతున్నారు. ఆయనేవో ఆడదంటున్నాడు. మనకి కావల్సింది ఆడ్డం కాదు గదండి, మా నాన్న మొహం."

మార్తాండం నాలుగో వరసలోనే బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఆయన కష్టాలు ఆయనకున్నాయి. చిత్రాల రిజిస్టరులో "చిత్రములో ఉన్నవారు" అని ఒక గడి ఉంది. మూడు వందల నలభై చిత్రాలకూ అది ఖాళీ. హీరో పేరు రాస్తే సినిమా అని ఒప్పుకున్నట్టవుతుంది. రాయకపోతే రాజధాని నుంచి మెమో. ఇన్ని చిత్రములలో ఒక్క మనిషియైనను లేడా అని అప్పటికి నాలుగు మెమోలు వచ్చాయి.

"బాబుగారూ, ఆ రెండొందల పన్నెండులో మా నాన్న చిత్రం ఉందండి" అంది సత్యవేణి.

మార్తాండం కలం ఆగిపోయింది. "చిత్రములోనా? మీ తండ్రిగారా? పేరున్నదా?"

"సింహాద్రండి."

"రాజావారా? జమీందారులా?"

"కోటిపల్లి రేవులో పడవేసేవోడండి."

ఆయన ఒక్క క్షణం నీరసపడి, వెంటనే తేరుకున్నాడు. "నావికుడు అని వ్రాయవచ్చును. తీరాంధ్ర నావికుడు. చాలా బాగున్నది. కాని గుర్తింపు జరగవలెను కదా. ఆయనను ఈ చిత్రములో చూపగలరా?"

భూషణం గోడ మీద గుండ్రంగా మెరుస్తున్న రెండు వందల పన్నెండో నంబరు వంక చూశాడు. "చూపిత్తానండి. కాపోతే కొంచెం తిప్పాలండి."

మార్తాండం ఆలోచించాడు. ఆడించుట నిషిద్ధం. గుర్తింపు నిమిత్తం తిప్పుట గురించి మాత్రం నిబంధనల్లో ఏమీ లేదు. రెండు రోజుల్లో కాగితం తయారైంది. చిత్రమును నెమ్మదిగా తిప్పవలెననీ, తిప్పునపుడు ఒక అధికారి, ఒక సాక్షి ఉండవలెననీ, విభాగము తప్ప అన్యులు ఫోటో తీయరాదనీ, చిత్రము అస్వస్థతకు లోనైనచో తిప్పుట ఆపవలెననీ అందులో ఉంది. నూకరాజు గోడౌనులోంచి ప్లేయరు ఒకటి, డబ్బా టీవీ ఒకటి మోసుకొచ్చి చీపుళ్ల పక్కన పెట్టాడు. అతనే సాక్షి.

సినిమా మొదలైంది. మార్తాండం మొదట కలం పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. పావుగంటకు కలం జేబులోకి వెళ్లింది. అరగంటకు కమెడియన్ రెండో పెళ్లికూతురి బదులు పురోహితుడి చెయ్యి పట్టుకుంటే పగలబడి నవ్వి, గార్డును టీ తెమ్మని పంపాడు. సత్యవేణి మాత్రం నవ్వలేదు. కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా చూడని మనిషిని చూడబోతోంది. చూశాక పోల్చుకోలేకపోతే ఎలా అని ఆవిడ భయం.

పాట వచ్చింది. రేవు వచ్చింది. దూరంగా పడవ. హీరో ముందు కూర్చుని చేతులూపుతున్నాడు. వెనక నిలబడి గెడ వేస్తున్న మనిషి వీపు మాత్రం కనబడుతోంది. సన్నటి నడుం, నల్లటి భుజాలు. పాట సగమైంది, పడవ దగ్గరికొచ్చింది, ఆ మనిషి తిరగడు. ఇంకో చరణం కూడా అయిపోవచ్చింది.

అప్పుడు తిరిగాడు. తిరిగి, చూడొద్దన్న వైపే చూసి, నోరారా నవ్వాడు.

టక్కుమని బొమ్మ ఆగిపోయింది. డిస్కు మీది గీత సరిగ్గా అక్కడే ఉంది.

నాలుగేళ్ల అలవాటు కొద్దీ భూషణం డిస్కు తీసి చొక్కాకు తుడవడానికి లేచాడు. సత్యవేణి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముట్టుకోకండి. ఉండనియ్యండి."

టీవీ నడిమధ్య పెద్దగా సింహాద్రి మొహం, పక్కన గెడ, వెనక రేవు. ఓ మూల హీరో చెవి ఒక్కటే పడింది. పైవరసలో పన్ను మీద పన్ను. సత్యవేణికీ అదే పన్ను, అక్కడే. చిన్నప్పటి నుంచీ ఎవరైనా చూస్తారని చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది ఆవిడ. పెళ్లి ఫోటోల్లో కూడా నోరు తెరవలేదు. ఎవరి పోలికో చెప్పడానికి ఎవరూ లేరు మరి.

"నాదేనండి, ఆ పన్ను నాదే" అంది, భర్తతోనో తండ్రితోనో. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"కదలుట లేదు!" అని మార్తాండం ఎగిరి లేచాడు. "చూసితిరా? ఆగి నిలిచినది! చిత్రమే! ఆది నుంచి విభాగము చెప్పుచున్నది ఇదియే కదా!" అని రిజిస్టరు కోసం తిరిగి, సత్యవేణి మొహం చూశాడు. రిజిస్టరు తీయలేదు. మెల్లగా కూర్చున్నాడు. కాసేపటికి అందరూ మాట్లాడుకునే మామూలు మాటల్లో, "చూసుకోమ్మా. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో. నేను కూర్చుంటాలే" అన్నాడు.

గార్డు టీ తెచ్చాడు. అందరూ తాగారు. ఆవిడ చూస్తూనే ఉంది.

ఆ తరవాత రెండు వందల పన్నెండో చిత్రం ఎప్పుడూ తిరగలేదు. మూడు వందల నలభైలో మనిషి పేరున్న ఏకైక చిత్రం కాబట్టి పోలీసు కాపలాతో దాన్ని రాజధానికి తరలించారు. తీరాంధ్ర నావికుడు అన్న పేరుతో అద్దాల పెట్టెలో పెట్టారని పేపర్లో పడింది. మార్తాండానికి ప్రమోషన్ వచ్చింది. వెళ్లిపోయే ముందు ఆయన భూషణాన్ని పిలిచి, టీవీలో ఆగిన మొహానికి గుర్తింపు రుజువు కింద ఆ పూటే విభాగం వాళ్లు తీసుకున్న ఫోటో ఫైల్లో ఉందనీ, నకలు కోసం అర్జీ పెట్టుకొమ్మనీ చెప్పాడు. ఆ అర్జీ ఎలా రాయాలో కూడా తానే చెప్పి రాయించాడు.

నకలు రావడానికి అయిదు నెలలు పట్టింది. రిజిస్టరు పోస్టులో పెద్ద కవరొచ్చింది. భూషణం కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి ఫోటో బయటికి తీసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. రేవు బాగుంది. గెడ బాగుంది. హీరో చెవి కూడా స్పష్టంగా ఉంది. యథార్థ నకలు అని ధ్రువీకరించే గుండ్రటి ప్రభుత్వ ముద్ర మాత్రం ఊదా సిరాతో, చిత్తుగా, సింహాద్రి మొహం మీద ఉంది. ఎవరూ దొంగ నకలు చేయకుండా ముద్ర చిత్రం నడిమధ్య వేయవలెనన్నది నిబంధనట. కవర్లో ఆ నిబంధన కాపీ కూడా పెట్టారు. దాని మీద ముద్ర మూలకే వేశారు.

"ఈళ్ల చేతులిరిగిపోనూ! ఎక్కడా చోటు దొరకలేదా ఈళ్లకి?" అని భూషణం చిందులేశాడు. "మళ్లీ అర్జీ పెడతాను సత్తేణీ. ముద్ర లేని కాపీ ఇచ్చిందాకా వదల్ను."

సత్యవేణి ఫోటో తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది.

"ఎందుకండి?" అంది. "దీనికింద ఎవరున్నారో నాకు తెలుసు గదా."

ఆ సాయంత్రమే దానికి పటం కట్టించుకొచ్చి గోడకు తగిలించింది. కుంకుమ భరిణె తెచ్చి, వేలు అద్దుకుని, ఆ ఊదా అక్షరాల్లో ఏ అక్షరం కింద నుదురుందో ఒక్క క్షణం కూడా వెతక్కుండా, తిన్నగా అక్కడ బొట్టు పెట్టింది.